కొట్టే భర్తకు కౌన్సెలింగ్: రాజీ వేరు, మార్పు వేరు

క్లుప్తంగా: ఇంట్లో చెయ్యి చేసుకునే మగవాళ్ల కోసం కొన్ని దేశాల్లో నలభై ఏళ్లకు పైగా ప్రత్యేక కార్యక్రమాలు నడుస్తున్నాయి. మన దగ్గర కౌన్సెలింగ్ పేరుతో జరిగేది ఎక్కువగా రాజీ కుదర్చడమే. ఆ కార్యక్రమాల ఫలితం కూడా మోస్తరే, అదీ భార్య భద్రత చూసుకునే ఏర్పాటు, కోర్టు పట్టు రెండూ వెనక ఉన్నప్పుడే కనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం లాంటి వలస జిల్లాల్లో వాటిని ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే నడవవు, కానీ మార్చుకోవడానికి దారులున్నాయి.

"కేసొద్దు బాబూ, కొట్టడం మానిపిత్తే సాలు"

శ్రీకాకుళం, విజయనగరం వైపు స్టేషన్ మెట్లెక్కిన ఆడవాళ్ల నోట తరచుగా వచ్చే మాట ఇది. విన్నవాళ్లు దీన్ని భయం అనుకుంటారు, మొగుడి మీద మమకారం అనుకుంటారు. లెక్క వేసి చూస్తే ఇందులో ఆవిడ ముందుచూపే ఎక్కువ కనిపిస్తుంది. అతను లోపలికెళ్తే రోజు కూలి ఆగిపోతుంది, అప్పు వాయిదా ఆగదు. బెయిలు మీద బయటికొచ్చాక మళ్లీ అదే వీధికి, అదే గుమ్మానికి వస్తాడు, ఈసారి పాత కోపానికి తోడు పరువు పోయిందన్న కసితో. పుట్టింట్లో ఎన్నాళ్లని ఉంటుంది, ఇంట్లో పెళ్లికెదిగిన చెల్లెలు ఉంటే దాని సంబంధం ఏమవుతుంది, పిల్లల బడి ఏం కావాలి... ఇవన్నీ రాత్రంతా ఆలోచించుకునే ఆవిడ ఆ మెట్లెక్కుతుంది. ఆవిడకు కావలసింది దెబ్బలు ఆగడం. మన దగ్గర ఆ కోరికకు ఉన్న దారులు రెండే: కేసు కట్టడం, లేదా రాజీ చెయ్యడం. కొట్టే మనిషినే పట్టుకుని, నెలల తరబడి కూర్చోబెట్టి, ఆ అలవాటు మాన్పించే మూడో దారి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చాలు. దేశంలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో సుమారు 29 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. హింస అనుభవించిన ఆడవాళ్లలో సాయం కోసం ఎవరినైనా అడిగినవాళ్లు 14 శాతమే, ఎవరికీ కనీసం చెప్పుకోనివాళ్లు 77 శాతం. అదే సర్వేలో, చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చెయ్యకపోవడం, అత్తమామలను లెక్కచెయ్యకపోవడం లాంటి ఏడు కారణాలు చదివి వినిపించి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం న్యాయమేనా అని అడిగితే, ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో సుమారు 84 శాతం మంది కనీసం ఒక కారణానికి అవునన్నారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 45 శాతం. అంటే ఇక్కడ కొట్టే మగవాడికి ఊరూ ఇల్లూ కలిసి ముందే సగం మాఫీ ఇచ్చి ఉంచాయి. అతన్ని మార్చే ఏ కార్యక్రమమైనా ముందు ఈ మాఫీని ఢీకొనాలి.

కాగితం మీద రెండు సంతకాలు

ఇప్పుడు కౌన్సెలింగ్ అంటే మామూలుగా జరిగేది చూద్దాం. ఒక గది, నాలుగైదు ప్లాస్టిక్ కుర్చీలు, అటు అత్తమామలు, ఇటు మేనమామ, మధ్యలో ఊరి పెద్దమనిషి. మొగుడూ పెళ్లాలను పక్కపక్కనే కూర్చోబెడతారు. "ఏటయిందో సెప్పమ్మా" అంటారు. ఆవిడ ఒకసారి అతని ముఖం వైపు చూసి మొదలుపెడుతుంది. సగంలో అత్తగారు అందుకుంటుంది. అరగంట తిరిగేసరికి మాట దెబ్బల మీంచి జారిపోయి, కూరలో ఉప్పు దగ్గరికీ, ఫోన్ ఎక్కువ మాట్లాడుతుందన్న దగ్గరికీ, పుట్టింటికి పంపిన రెండు వేల దగ్గరికీ వచ్చేస్తుంది. చివరికి తెల్లకాగితం తీస్తారు. "ఇకమీదట నా భార్యను కొట్టను, తాగి రాను" అని అతను సంతకం పెడతాడు. "అత్తమామల మాట వింటాను, చెప్పకుండా పుట్టింటికి వెళ్లను" అని ఆవిడ చేత పెట్టిస్తారు.

గట్టిగా చూడవలసింది ఆ రెండో సంతకాన్ని. అది పడిన క్షణం నుంచీ అతను కొట్టకపోవడం ఆవిడ నడవడికకు ముడిపడిపోతుంది. రేపు మళ్లీ కొడితే, "నువ్వు నీ మాట నిలబెట్టుకున్నావా?" అని అడగడానికి అతని దగ్గర ఇప్పుడు కాగితం కూడా ఉంది. పైగా అందరి ముందూ ఆవిడ చెప్పిన ప్రతి మాటకూ ఆ రాత్రి ఇంటి తలుపు వేశాక జవాబు చెప్పుకోవలసి రావచ్చు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు హింస నడుస్తున్న ఇంట్లో భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టడాన్ని ప్రమాదంగా చూస్తారు. 2011లో ఐరోపా దేశాలు రాసుకున్న ఇస్తాంబుల్ ఒప్పందం తప్పనిసరి మధ్యవర్తిత్వాన్ని ఏకంగా నిషేధించింది. అదే ఒప్పందం కొట్టేవాళ్ల కోసం కార్యక్రమాలు పెట్టమంది, బాధితుల భద్రతే వాటిలో మొదటి లెక్కగా ఉండాలనీ, ఆడవాళ్లకు అండగా ఉండే సంస్థలతో కలిసే వాటిని నడపాలనీ చెప్పింది.

పెద్దమనుషులందరూ చెడ్డ ఉద్దేశంతోనే కూర్చుంటారని దీని అర్థం కాదు. చాలామంది నిజంగానే కాపురం నిలబెట్టాలని చూస్తారు. కానీ కాపురం నిలబడటం వేరు, దెబ్బలు ఆగడం వేరు. మొదటిది కుదిరితే రెండోది దానంతటదే కుదురుతుందన్న నమ్మకం దగ్గరే పొరపాటు జరుగుతోంది.

"చెయ్యి లేచిందా, లేపావా?"

కొట్టే మగవాళ్ల కోసమని మొదట పెట్టిన కార్యక్రమాల్లో ఒకటి 1977లో అమెరికాలోని బోస్టన్‌లో వచ్చింది. ఎక్కువ పేరొచ్చింది మాత్రం మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ అనే ఊరి పద్ధతికి. 1980ల మొదట్లో ఎలెన్ పెన్స్, మైకేల్ పేమార్ తదితరులు అక్కడ పోలీసులు, కోర్టు, ఆడవాళ్ల ఆశ్రయ కేంద్రం, మగవాళ్ల గ్రూపు, ఈ నాలుగింటినీ ఒకే తాడుకు కట్టారు. 1984లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు చెప్పిన అనుభవాల నుంచి ఒక చక్రం గీశారు. బెదిరింపు, నలుగురిలోంచి విడదీయడం, డబ్బు చేతికివ్వకపోవడం, పిల్లలను అడ్డం పెట్టుకోవడం, చేసినదాన్ని తక్కువ చేసి చెప్పడం, ఇలా ఆ చక్రంలో ఆకులుంటాయి. దెబ్బ ఒక్కటే పైకి కనిపిస్తుంది, దాన్ని నడిపేది మిగతా ఆకులన్నీ కలిసి. పెత్తనం అనే ఇరుసు చుట్టూ అవి తిరుగుతాయన్నది వాళ్ల వాదన.

గ్రూపులో వారానికోసారి పదీ పన్నెండు మంది మగవాళ్లు కూర్చుంటారు. ఆరు నెలలు, కొన్నిచోట్ల ఏడాది. కాలిఫోర్నియాలో చట్టమే 52 వారాలు అని నిర్ణయించింది. స్కాట్లండ్‌లోని కాలెడోనియన్ పద్ధతిలో రెండేళ్లు పడుతుంది, అందులో భార్యకూ పిల్లలకూ వేరువేరుగా మనుషులుంటారు. డులూత్ గ్రూపులో ప్రతి ఒక్కరూ తాను చేసిన ఒక పనిని కాగితం మీద పెట్టాలి: ఏం చేశావు, ఎందుకోసం చేశావు, అప్పుడు ఏమనుకున్నావు, దాన్ని ఎలా తగ్గించి చెప్పుకున్నావు, ఆమెకేమైంది, బదులుగా ఏం చేసి ఉండొచ్చు.

ఇదే మన భాషలో జరిగితే ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. "కోపం వచ్చింది సార్, చెయ్యి లేచిపోయింది" అంటాడు. "చెయ్యి దానంతటదే లేచిందా, నువ్వు లేపావా?" అని నడిపేవాళ్లు అడగాలి. తెలుగులో కొట్టినవాడు తప్పించుకోవడానికి ఎన్ని సందులున్నాయో ఒక్కసారి చూడండి. చెయ్యి జారింది, దెబ్బ తగిలింది, మాటా మాటా పెరిగింది, చెయ్యి చేసుకోవలసి వచ్చింది. వీటిలో ఎక్కడా కొట్టిన మనిషి కనిపించడు, దెబ్బ ఏదో వానలా పైనుంచి పడినట్టుంటుంది. "నేను కొట్టాను, ఎడమ చెంప మీద, పెద్దోడు చూస్తుండగా" అన్న వాక్యం దగ్గరికి మనిషిని తీసుకురావడానికే కొన్ని వారాలు పడుతుంది. మిగతా పనంతా ఆ వాక్యం తర్వాతే మొదలవుతుంది.

కోపాన్ని అదుపులో పెట్టుకునే శిక్షణ అయితే సరిపోతుందిగా అని చాలామంది అడుగుతారు. అదే మనిషికి మేస్త్రీ మీదా కోపం వస్తుంది, వడ్డీ వ్యాపారి మీదా వస్తుంది. అక్కడ చెయ్యి లేవదు. ఇంటికొచ్చాకే లేస్తుంది, అదీ పిల్లలో ఆడమనిషో ఎదురుగా ఉన్నప్పుడు. అదుపు అతని దగ్గర ఉంది, ఎక్కడ వదలాలో కూడా అతనికి తెలుసు. అందుకే ఈ కార్యక్రమాలు పదికి లెక్కపెట్టుకోవడం, నీళ్లు తాగడం లాంటి చిట్కాల దగ్గర ఆగిపోకుండా, కొట్టే హక్కు తనకుందన్న నమ్మకం మీద పనిచేస్తాయి.

మంచి కార్యక్రమంలో బయటికి కనిపించని సగం ఇంకోటుంది. భార్యతో వేరే మనిషి విడిగా మాట్లాడుతుంటారు. అతను చేరాడని, మానేశాడని, ఈ వారం గ్రూపులో బెదిరింపు మాటలు వచ్చాయని ఆవిడకు చెబుతారు. చేరినంత మాత్రాన మారినట్టు కాదని మొదటిరోజే చెబుతారు, ఎందుకంటే "క్లాసులకెళ్తున్నాడుగా" అన్న ఆశతోనే కొందరు పుట్టింటి నుంచి తొందరపడి తిరిగి వెళ్లిపోతారు. అతను గ్రూపులో చెప్పేదంతా రహస్యంగా ఉంటుందన్న హామీ కూడా ఇవ్వరు. ఆవిడ ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే సమాచారం బయటికి వెళ్తుందని ముందే సంతకం చేయించుకుంటారు.

పనిచేస్తాయా?

ఇక్కడ రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చదవాలి, ఎందుకంటే ఒక్కొక్కటే చదివితే రెండూ తప్పుదారి పట్టిస్తాయి.

2004లో బాబ్‌కాక్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు అప్పటివరకు వచ్చిన 22 అధ్యయనాలను కలిపి చూశారు. అరెస్టు, శిక్షతో పాటు కార్యక్రమానికి కూడా వెళ్లిన మగవాడు మళ్లీ కొట్టే అవకాశం, అరెస్టు, శిక్ష మాత్రమే ఎదుర్కొన్నవాడి కంటే 5 శాతం దాకా మాత్రమే తక్కువని తేలింది. చాలా చిన్న తేడా. దీన్ని పట్టుకుని ఇదంతా డబ్బు దండగ అన్నవాళ్లున్నారు.

2015లో బ్రిటన్‌లో మిరాబల్ ప్రాజెక్టు ఫలితాలొచ్చాయి. భర్తలు కార్యక్రమానికి వెళ్లిన ఆడవాళ్లను మొదట్లోనూ ఏడాది తర్వాతా అడిగారు. చెంపదెబ్బ, తొయ్యడం, వస్తువులు విసరడం జరిగాయన్నవాళ్లు మొదట 87 శాతం ఉంటే తర్వాత 7 శాతానికి వచ్చారు. వింటే అద్భుతంలా ఉంది. కానీ వాళ్లు చివరిదాకా పరిశోధకులతో మాట్లాడటానికి ఒప్పుకున్న ఆడవాళ్లు, అంటే మధ్యలో మానేసిన మగవాళ్ల కథలు ఆ లెక్కలోకి తక్కువగా వచ్చాయి. పైగా దెబ్బలు తగ్గినంతగా పెత్తనం తగ్గలేదు. 

రెండింటినీ కలిపి అర్థం చేసుకోగలిగేది ఇది: చేరినవాళ్లందరినీ లెక్కేస్తే ఫలితం చిన్నది, చివరిదాకా నిలిచినవాళ్లలో మార్పు గట్టిగానే కనిపించవచ్చు. కాబట్టి గ్రూపులో చెప్పే పాఠం ఎంత ముఖ్యమో, మధ్యలో మానేసినవాడిని ఎవరు, ఎంత త్వరగా పట్టుకుంటారన్నది కూడా అంతే ముఖ్యం. రెండు వారాలు రాకపోతే మూడో వారం కోర్టు నుంచి కబురు వచ్చేచోట ఒకలా, ఎవరూ అడగనిచోట ఇంకోలా ఉంటుంది.

మందు సంగతి

"మందు మానేస్తే మనిషి బంగారం" అన్న మాట మన జిల్లాల్లో ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడింది కూడా ఇంట్లో దెబ్బలూ అప్పులూ భరించలేకే. ఆ పోరాటం రాష్ట్రాన్ని కదిపి 1995లో మద్యనిషేధం దాకా తీసుకెళ్లింది, 1997లో అది సడలిపోయింది.

కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇక్కడ రెండు వైపులా పదునుగా ఉంది. తరచూ తాగి ఒళ్లు తెలియకుండా వచ్చే భర్తలున్న ఆడవాళ్లలో సుమారు 70 శాతం మంది హింస అనుభవించారు. అసలు తాగని భర్తలున్నవాళ్లలో సుమారు 23 శాతం. మందు మంటను ఎగదోస్తుందని మొదటి సంఖ్య చెబుతుంది. మందు లేకుండా కూడా నాలుగో వంతుకు దగ్గరగా కొడుతున్నారని రెండోది చెబుతుంది. అందువల్ల డీ-అడిక్షన్ చికిత్స అవసరమే, కానీ దాన్ని హింస కార్యక్రమానికి బదులుగా పెడితే చాలదు. తాగని రోజుల్లో కూడా భార్య ఫోన్ తీసి చూసే మనిషి మందు మానేసినా ఫోన్ చూడటం మానడు.

చట్టంలో ఇప్పటికే ఉన్నది

గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని 14వ సెక్షన్ ప్రకారం మెజిస్ట్రేటు ఇద్దరినీ కలిపి గానీ, విడివిడిగా గానీ కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. నియమాల్లో ఇంకా మంచి మాటలున్నాయి. హింసను సమర్థించుకునే వాదన ఏదీ కౌన్సెలింగ్‌లో చెల్లదని భర్తకు ముందే చెప్పాలి. ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఇరువైపుల బంధువులు కౌన్సెలర్లుగా ఉండకూడదు, వీలైనంతవరకు మహిళలనే పెట్టాలి. తెల్లకాగితం పంచాయితీ పక్కన ఈ నియమాలు పెట్టి చూస్తే ఎంత దూరం పోయామో తెలుస్తుంది: కూరలో ఉప్పు గురించిన వాదన మొదటి నిమిషంలోనే ఆపేయాలి, మేనమామ మామూలుగా ఆ కుర్చీలో ఉండకూడదు.

లోటు కూడా చట్టంలోనే ఉంది. రెండు వాయిదాల మధ్య రెండు నెలలు దాటకూడదని అదే సెక్షన్ అంటుంది, అది ఒప్పందానికి సరిపోవచ్చు గానీ మనిషి మారడానికి చాలదు. కౌన్సెలింగ్‌కు రాకపోతే ఏం చేస్తారో ఆ సెక్షన్ చెప్పదు. రక్షణ ఉత్తర్వు ఉల్లంఘిస్తే మాత్రం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 20 వేల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఇక భర్త, అత్తింటివాళ్ల వేధింపులపై ఉన్న పాత 498-ఎ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయసంహిత 85వ సెక్షన్ వచ్చింది, అందులో మూడేళ్ల దాకా శిక్ష ఉంది గానీ మార్పు కార్యక్రమం ఊసు లేదు. గృహహింస చట్టం కింద ఆడవాళ్లకు సాయపడవలసిన రక్షణ అధికారులు చాలినంతమంది లేకపోవడం వేరే కథ. జిల్లా, తాలూకా స్థాయిల్లో వాళ్లను నియమించాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

దేశంలో దగ్గరి ఉదాహరణలు లేకపోలేదు. ముంబైలో పోలీసు వ్యవస్థలోనే కూర్చుని సోషల్ వర్కర్లు పనిచేసే ప్రత్యేక సెల్ 1984లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ చొరవతో మొదలైంది. అదే నగరంలో 1993 నుంచి మావా అనే మగవాళ్ల సంస్థ కుర్రాళ్లతో మాట్లాడుతోంది. ఈ రెండూ విలువైన పనులే. కొట్టినవాడిని కోర్టు పట్టుతో నెలల తరబడి వెంటాడే పద్ధతి మాత్రం వీటి పని కాదు.

వేరావల్‌లో ఉన్న మనిషికి శనివారం గ్రూపా?

ఇక్కడి బతుకు లెక్క వేరు. శ్రీకాకుళం తీరంలో మత్స్యకారుల్లో చాలామంది ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద ఉంటారు. మిగతా మండలాల నుంచి చెన్నై, హైదరాబాద్, విజయవాడ కట్టడాల పనికి వెళ్తారు. ఇరవై ఆరు వారాలు వరసగా ఒకే గదికి రమ్మంటే కూలిపనికి వెళ్లాలో గ్రూపుకు రావాలో తేల్చుకోలేక మానేస్తాడు, ఆ మానెయ్యడం భారం మళ్లీ ఇంట్లో ఆవిడ మీదే పడుతుంది.

మనిషి ఊళ్లో లేనంత మాత్రాన హింస ఆగిందనుకోవడానికీ లేదు. రాత్రి పదింటికి వీడియో కాల్ చేసి "కెమెరా తిప్పు, గదంతా చూపించు" అనడం, రెండు రింగులకు ఎత్తకపోతే అమ్మకు ఫోన్ చేసి ఆరా తియ్యడం, డబ్బు భార్య అకౌంట్‌కి కాకుండా తల్లి అకౌంట్‌కి వెయ్యడం... డులూత్ చక్రంలోని ఆకులే ఇవి, దూరం నుంచి తిరుగుతున్నాయి. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు పోగుపడిన అనుమానాలన్నీ ఒక్కసారే బయటపడతాయి.

మరి సాధ్యమయ్యేదేమిటి? తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇక్కడి సముద్రంలో వేటాడే మగవాళ్లు చాలామంది ఊళ్లోనే ఉంటారు, వేరావల్ వెళ్లినవాళ్లకైతే అక్కడి నిషేధ నెలలు చూసుకోవాలి. వారానికి రెండు సిట్టింగులు పెడితే పదిహేనుకు పైగా అవుతాయి, తర్వాత వలసలో ఉన్నప్పుడు వారంవారం ఫోన్‌లో ఒక్కొక్కరితో మాట్లాడటం కొనసాగించవచ్చు. బ్రిటన్‌లో 2016లో మొదలైన డ్రైవ్ పద్ధతి కూడా గ్రూపుల మీద ఆధారపడదు, ప్రమాదకరమైన మనిషి ఒక్కొక్కరికీ ఒక అధికారిని పెట్టి పోలీసులతో కలిసి కనిపెట్టుకుని ఉంటుంది. భార్య వైపు సగానికి మన దగ్గర మనుషులున్నారు: డ్వాక్రా సంఘాలు, ఆశా, అంగన్‌వాడీ, 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లోకి వచ్చిన మహిళా పోలీసు. వీళ్లకు శిక్షణ కావాలి, ముఖ్యంగా ఆవిడ చెప్పింది అతని చెవిన పడకుండా దాచడంలో. ఒకే వీధిలో ఉండే ఊళ్లలో ఇది అన్నిటికంటే కష్టమైన పని, ఎందుకంటే ఆశా కార్యకర్త అతనికి వరసకు వదినో, మరదలో అయి ఉంటుంది.

పెడితే ఎదురయ్యే చిక్కులు

మొదటిది సర్టిఫికెట్. కార్యక్రమం పూర్తయిందన్న కాగితం చేతికిస్తే అది నేరుగా పిల్లల కస్టడీ కేసులోకి, భార్యను కాపురానికి పంపమనే పంచాయితీలోకి వెళ్తుంది. హాజరు పడిందని రాయడం వేరు, మారాడని రాయడం వేరు, రెండోది రాసే అధికారం ఎవరికీ ఉండకూడదు. రెండోది డబ్బు. ఆశ్రయానికీ లాయరుకీ పెట్టే నిధుల్లోంచి కోసి మగవాళ్ల గ్రూపుకు ఇస్తే, ఆవిడ తప్పించుకునే దారి మూసి అతను మారేదాకా ఆగమన్నట్టే అవుతుంది. మూడోది, కేసుకు బదులుగా దీన్ని వాడటం. ఎముక విరిగిన కేసులో, గొంతు పట్టుకున్న కేసులో కార్యక్రమం శిక్షతో పాటు నడవాలి.

కొలమానం కూడా ముందే తేల్చుకోవాలి. ఎన్ని జంటలు కలిశాయన్న లెక్క పైకి పంపడం తేలిక, అధికారులకు నచ్చుతుంది కూడా. ఏడాది తర్వాత ఆవిడను విడిగా, అతను లేనప్పుడు అడిగి రాసుకునే లెక్క వేరేగా ఉంటుంది: రాత్రి అతను గుమ్మంలో అడుగు పెట్టినప్పుడు పిల్లలు ఇంకా మంచం కిందికి దూరుతున్నారా, కూలి డబ్బు ఆవిడ చేతిలో ఎన్ని రోజులు ఉంటోంది, అక్కను చూడటానికి వెళ్లాలంటే ఎవరి అనుమతి కావాలి.

ఇప్పటికిప్పుడు అవసరంలో ఉన్నవాళ్లు 181 మహిళా హెల్ప్‌లైన్‌కు గానీ, ప్రమాదం దగ్గరలో ఉంటే 112కు గానీ ఫోన్ చేయవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, ఫోన్ నంబరు 15100. మెజిస్ట్రేటు ముందుకు వెళ్లినప్పుడు, కౌన్సెలింగ్ విడివిడిగానే జరగాలని అర్జీలో ఒక వాక్యం రాయించుకోవచ్చు. 14వ సెక్షన్‌లో ఆ వీలు 2006 నుంచీ ఉంది.